ఉప్పు కలిపిన ఐసు

హుటాన్ మెలింటాంగ్,
శుక్రవారం

ఇందుమూలముగా మలాయి దేశపు హుటాన్ మెలింటాంగ్ రేవునందు నివసించు యావన్మంది మనుషులకూ, పిల్లులకూ, ఎలుకలకూ ఎరుకపరచునదేమనగా: మా ఇంటి పిల్లి సుందరి, వరద వచ్చిన నాటినుండి ఒక్క ఎలుకనైనా పట్టక, అటక మీద పండుకొని, వచ్చిన ఎలుకలను పెళ్ళివారి మాదిరి చూచి ఊరకున్నందున, దానిని ఉద్యోగమునుండి తొలగించడమైనది. ఇకమీదట దానికి చేప తలకాయ లేదు. తోక మాత్రమే. దీని మీద అప్పీలు లేదు. ఇట్లు, ఆరో క్లాసు అప్పడు, ఐసు వ్యాపారి.

సెల్లి యోగేశ్వరికి, అన్న దీవించి రాయడమేటంటే:

ఫోనులో నన్ను బ్లాక్ సేసినావు. సరే. యాభై దాటిన మగాళ్ళు పాస్‌పోర్టు ఫోటోకి మీసం తీసెయ్యాలని కొత్త రూలొచ్చిందని ఇంటోళ్ళ గ్రూపులో నేను పెడితే, అది నమ్మి గొరిగించుకున్నది మీ ఆయన శ్రీకుమార్. కత్తి పట్టినోడు మంగలి. నడిమిన నా తప్పేటి? అయినా కాయితం మీద నువ్వు నన్ను బ్లాక్ సెయ్యలేవు. పైగా తెలుగు. మీ రక్తపరీక్షల లేబులో ఎవరికీ రాదు కాబట్టి ఎంత తిట్టుకున్నా గుట్టుగా ఉంటాది. రబ్బరు ఎస్టేటు కూలీల లైన్లో నాన్న మనిద్దరి సేతా పలక మీద దిద్దించింది ఇందుకే గావాల.

ఇక్కడ నీళ్ళు దిగిపోయినాయి, జొరాలు ఎక్కినాయి. ఊళ్ళో దీన్ని కెంచింగ్ తికుస్ అంటన్నారు. ఎలుక ఉచ్చ జొరం. ఆ పేరు పెట్టినోడు మహా నిజాయితీపరుడు, ఏదీ దాచలేదు. క్లినిక్ డాక్టరమ్మ ఊళ్ళోవాళ్ళ రక్తం తీసి నీ లేబుకే పంపుతాది కదా, ఆ పెట్టె మోసే పని ఇప్పుడు నాది. మన సేపల లారీ రోజూ పోర్ట్ క్లాంగ్ వస్తాది, తోలేది సుప్పయ్య. ఐసు వెయ్యడంలో ఈ ఏటి ఒడ్డున నన్ను మించినోడు లేడని డాక్టరమ్మకి ఎవరో సెప్పినారు. ఎవరో ఏటిలే, నేనే.

ఇంక అసలు సంగతి. కూర్మమ్మత్తకి జొరం. వద్దంటే వినకుండా వరద నీళ్ళలో మోకాలి లోతు దిగి వలలు ఏరింది. పిక్కలు పీకుతున్నాయంటాది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాక్టరమ్మ మాత్రలిస్తే దిండు కింద పెట్టింది. "పేరు లేని రోగానికి మందు మింగను. ఏ రోగమో కాయితం మీద రాయించి తెండి, అప్పుడు మింగుతాను, ఆస్పత్రికి రమ్మన్నా వస్తాను" అంటాది. అమ్మ పోయాక మనిద్దర్నీ రెండు సంకలా ఎత్తుకున్న మనిషి. ఆవిడ మొండితనం నీకు సెప్పాలా?

సూదికి మాత్రం సెయ్యిచ్చింది. ఇచ్చేటప్పుడు నా బుజం కొరికింది. ఆవిడ రక్తం ఈ పెట్టెలోనే ఉంది. దానికి ఓ పేరు పెట్టి పంపు.

అప్పడు


పోర్ట్ క్లాంగ్,
ఆదివారం

అన్నకి నమస్కారం.

మీ బావ మీసం మొలిచే దాకా నిన్ను అన్‌బ్లాక్ చేసేది లేదు. ఆయన మాస్కు వేసుకొని ఆఫీసుకి పోతున్నారు, జొరం భయమని అందరికీ చెబుతున్నారు. నవ్వొస్తుంది కానీ నవ్వే తీరిక లేదు అన్నా. వరద పారిన ఊళ్ళన్నిటి నుంచీ రక్తం నా దగ్గరికే వస్తోంది. కింద మెట్ల మీద జనం, పైన మెషిన్ల మోత. పొద్దున్న పెట్టుకున్న టీ మధ్యాహ్నానికి మీగడ కట్టి అక్కడే ఉంటుంది.

నీకు ఒకటి చెప్పాలి. ట్యూబుని మెషిన్‌లో పెట్టి గిర్రున తిప్పితే రక్తం అడుక్కి దిగుతుంది, పైన లేత పసుపు నీరు తేరుతుంది. ఎండుగడ్డి రంగు. మేము రోగం జాడ వెతికేది ఆ నీటిలోనే. మీ ఊరి ట్యూబుల్లో మాత్రం పైన తేరింది పెళ్ళిళ్ళలో పోసే గులాబీ సిరప్ నీళ్ళలా ఎర్రగా ఉంటోంది. అంటే లోపల కణాలన్నీ పగిలిపోయినట్టు. అందులో చూస్తే కిడ్నీ పాడైందో లేదో కూడా సరిగ్గా తెలియదు, బాగున్నవాడికి పాడైనట్టు చూపిస్తుంది. అత్త ట్యూబు అన్నిటికంటే ఎర్రగా ఉంది. దానికి నేను పేరు పెట్టలేను.

ఇక్కడ రక్తం తిప్పేది మోహనప్రియ. కొత్తగా చేరిన అమ్మాయి, చేతిలో తొందర ఎక్కువ. తనే ఎక్కడో ట్యూబుల్ని గట్టిగా కుదిపి ఉంటుందని అందరి ముందూ అరిచేసినాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ కూడా చేతి తొడుగులు తీయలేదు.

లేదంటే పెట్టె ఎండలో ఉంటోందా? సుప్పయ్య దారిలో ఆగి తినేటప్పుడు ఎండలో వదిలేస్తున్నాడేమో. దయచేసి చల్లగా ఉంచు అన్నా. అత్త దగ్గర ఇంకొకసారి తీయించు. ఆమె ఒంటికి సరిగ్గా నీరు వస్తోందా? అది అడిగి రాయి. సిగ్గుపడకు.

నీ చెల్లి,
యోగేశ్వరి


హుటాన్ మెలింటాంగ్,
మంగళవారం

సెల్లీ,

రాసినావు కాబట్టి సరిపోయింది. నా ముందు నిలబడి "చల్లగా ఉంచు" అనుంటే ఐసు పెట్టెలో నిన్నే కూకోబెట్టేవాణ్ణి. ఎవరికి సెప్తన్నావమ్మా సల్లదనం గురించి? నేను ఐసేసిన సెనంగిన్ సేప మీ క్లాంగు బజార్లో దిగేసరికి దాని కన్ను నీ కన్నుకంటే తేటగా ఉంటాది. ఎండంట! సుప్పయ్య ఎక్కడ తిన్నా ఆ పెట్టె మూతకి సెమట పట్టదు. ఎందుకో తెలుసా? ఐసు ఊరికే గుమ్మరించేది అందరూ సేస్తారు. నేను ఓ వరస ఐసు, దాని మీద గుప్పెడు కల్లుప్పు, మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. దాని నడిమిన నీ ట్యూబుల్ని బావల్ సేపల్లా పక్కపక్కన పడుకోబెడతాను. సెయ్యి పెడితే వేళ్ళు కొరుకుతాది. నువ్వు సల్లదనం సాలదన్నావు కాబట్టి ఈసారి గుప్పెడుకి రెండు గుప్పిళ్ళు ఏసినాను. ఇప్పుడు సూడు.

ఆ పిల్లని ఊరికే అరవకు. మన ఇంట్లో అరిచే హక్కు అత్తకి ఒక్కదానికే ఉంది.

అత్త రెండోసారీ సెయ్యిచ్చింది. ఇచ్చేముందు నీ గురించి అన్నది యథాతథంగా రాస్తాను, నొచ్చుకోకు: "ఓలమ్మ! సదివిస్తే పిల్ల దోమైపోనాదేటి? మొన్న తాగింది సాలలేదా?" డాక్టరమ్మకి తెలుగు రాకపోవడం దేవుడి దయ. ఇదే ఆఖరంట. మూడోసారి సూది కనపడితే వల సూదితో అందర్నీ కుట్టేస్తానంది.

ఒంటికి నీరు సంగతి అడిగినాను. "నీకెందుకురా" అని సెంబు విసిరింది. కానీ నేను కనిపెట్టినాను సెల్లీ, పొద్దుట్నుంచీ ఒక్కసారే లేచి వెళ్ళింది. జోకులు కూడా తగ్గించింది. నిన్న నేను సుందరి పిల్లికి మీసాలు గొరుగుతానంటే నవ్వలేదు.

అప్పడు


పోర్ట్ క్లాంగ్,
గురువారం

ఉప్పా? అన్నా, ఉప్పా?

నీ ఉత్తరం చేతిలో పట్టుకొని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయినాను. ఫోన్లో డాక్టరమ్మకి చెప్పాల్సింది వెంటనే చెప్పేసినాను, ఇకమీద పెట్టె ఎలా కట్టాలో ఆమె నీకు చూపిస్తుంది. నీకు చెప్పాల్సింది మాత్రం రాసే చెబుతాను. ఫోన్లో అయితే నన్ను నవ్వించి తప్పించుకుంటావు.

ఐసులో ఉప్పు వేస్తే అది మామూలు ఐసు కంటే చల్లనైపోతుంది. చేపకి మంచిదే. చేప చచ్చిపోయింది కాబట్టి. ట్యూబులో రక్తం ఇంకా బతికే ఉంది అన్నా. అది ఐసులా గడ్డకట్టి, లోపల కణాలు ఒక్కొక్కటే పగిలిపోయినాయి. నిండా నీళ్ళున్న సీసాని ఫ్రీజర్‌లో పెడితే ఏమవుతుందో అదే అయింది. నేను చల్లగా ఉంచమని రాసి నీ చేత ఇంకో గుప్పెడు వేయించినాను. రెండోసారి అత్త ఇచ్చిన రక్తం కూడా పోయింది.

మోహనప్రియని రెండు రోజులు రావద్దన్నాను అన్నా. ఈరోజు వాళ్ళింటికి నేనే పోయి పిలుచుకొచ్చినాను. వాళ్ళమ్మ నాకు కాఫీ ఇచ్చింది, చక్కెర సరిపోయిందా అని అడిగింది. తిట్టుంటే బాగుండేది.

ఇంకొకటి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నీ పెట్టె మొదట్లో వచ్చినప్పుడు కొన్ని ట్యూబులు కొంచెమే ఎర్రగా ఉండేవి. రద్దీలో, కొంచెమే కదా అని, వాటి ఫలితాలు పంపేసినాను. మీ లారీ దారిలో ఉన్న వేరే క్లినిక్కుల పెట్టెలు కూడా సుప్పయ్యే తెస్తాడు, నీ ఐసే. ఆ ఫలితాలు చూసి ఒకాయన్ని కిడ్నీ పోయిందని అంబులెన్స్‌లో తీసుకుపోయినారట. అక్కడ మళ్ళీ చూస్తే బాగానే ఉన్నాడు. అలా భయపడినవాళ్ళు ఇంకెవరున్నారో? జొరం ఉండి లేదనిపించుకున్నవాళ్ళు ఎవరున్నారో? క్లినిక్కులన్నిటికీ ఫోన్ చేసి నా ఫలితాలు నమ్మొద్దని చెప్పాలి. చెబితే రేపటి నుంచి నా మెట్ల మీద ఎవరు నిలబడతారు? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రిసీవర్ ఎత్తి పెట్టేస్తున్నాను.

ముందు అత్త. డాక్టరమ్మ కళ్ళలో పసుపు చూసిందట. ఇంక ఆలస్యం లేదు. ఆమె ఒక్క కాయితం అడిగింది, ఆ కాయితం నేనివ్వాలి. ఒక్క ట్యూబు అన్నా. ఒక్కసారి. ఏం చేస్తావో నాకు తెలియదు.

యోగేశ్వరి


హుటాన్ మెలింటాంగ్,
శుక్రవారం

సెల్లీ,

నీ ఉత్తరం సదివి, ఐసు కొట్టు మూసి, కాసేపు ఉప్పు మూట మీదే కూకున్నాను. ముప్పై ఏళ్ళుగా సేపలు నన్ను మెచ్చుకుంటన్నాయి, ఒక్కటీ నోరు తెరిచి "ఇది సేపలకేరా బాబూ" అనలేదు.

ముందు జెట్టీకి పోయినాను. పెట్టెలో నేను నాశనం సేసిన రక్తం అత్త ఒక్కదానిదే కాదు గదా. పడవ హారను మూడుసార్లు మోగించి, బల్లెక్కి, అరవంలో, మలాయిలో, వచ్చినంత మేర అరిసినాను: అయ్యా, మీ రక్తంలో ఉప్పేసింది నేనే, తప్పు నాది, క్లినిక్కుకెళ్ళి మళ్ళీ ఇవ్వండి. ఏటయ్యిందో సెప్పు? నవ్వినారు. కడుపు పట్టుకొని నవ్వినారు. వలలు బాగు సేసే అచ్చయ్య లేచి, "ఇది మీసం కంటే బాగుంది అప్పన్నా! రక్తంలో ఉప్పంట, రేపు మిరపకాయలు కూడా ఏస్తాడు" అన్నాడు. ఒట్టేసినాను. ఇంకా నవ్వినారు. నా బతుకులో మొదటిసారి బల్లెక్కి నిజం సెప్పినాను సెల్లీ, ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. ఆఖరికి డాక్టరమ్మ తెల్లకోటుతో వచ్చి నా పక్కన నిలబడి అదే మాట సెప్తే అప్పుడు లేచినారు. అచ్చయ్య ముందుగా.

తరవాత ఇంటికొచ్చినాను. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. మంచం పక్కన కూకొని ఉన్నది ఉన్నట్టు సెప్పినాను: ఉప్పు నాది, తప్పు నాది, ఆలస్యం మా ఇద్దరిది, రెండుసార్లు నీ రక్తం ఊరికే పారబోసినాం, యోగి కూడా ఒప్పుకుంది. ఆవిడ ఇటు తిరిగింది. అప్పుడు దుప్పట్లోంచి సెయ్యి బయటికి తీసి ఏమందో తెలుసా? "తప్పు జరిగిందని ముందుగా సెప్పినోళ్ళ సేతిలో నా సెయ్యి పెట్టడానికి నాకు బయం నేదు. గుచ్చండి."

అంతే. కొరకలేదు కూడా.

ట్యూబు నా పాత లుంగీలో సుట్టినాను, నిటారుగా నిలబెట్టినాను. ఐసు వేరే సంచిలో, దూరంగా. ఉప్పు ఆ చుట్టుపక్కల లేదు. సుప్పయ్య పెట్టె ఒళ్ళో పెట్టుకొని రావడానికి ఇంకో డ్రైవర్ని మాట్లాడుకున్నాడు. "నా కోడలి ఒళ్ళో మనవణ్ణి కూడా ఇంత జాగ్రత్తగా పెట్టలేదు" అన్నాడు.

పేరు పెట్టి పంపు సెల్లీ.

అప్పడు


పోర్ట్ క్లాంగ్,
గురువారం

అన్నా,

ఎండుగడ్డి రంగు! మోహనప్రియ ట్యూబు తీసి దీపానికి పట్టి "అక్కా, పారుంగ" అని తమిళంలో చూడమంది. అంత అందమైన పసుపు నేనెప్పుడూ చూడలేదు. ఎలుక జొరమే, కిడ్నీ మీదికి వస్తోంది, కానీ దాటిపోలేదు. నేను ఆ కాయితం డాక్టరమ్మకి ఫోన్లో పంపిన తరువాత సంగతి నీకు తెలిసిందే. పేరు చదివి వినిపించగానే అత్త లేచి చీర మార్చుకుందట కదా, పెద్దాసుపత్రికి పోవడానికి.

నిన్న నేను పోయి చూసినాను. సెలైన్ ఎక్కుతోంది, మందు పడుతోంది, ఒంటికి నీరు వస్తోంది. "నాలుగుసార్లు పోయినాను" అని వార్డంతా వినబడేలా చెప్పింది. పక్క మంచం మలాయి అమ్మ చప్పట్లు కొట్టింది.

అన్నా, అత్త అన్న మాట నీ ఉత్తరంలో చదివి నేను కదిలిపోయినాను. ఇన్నేళ్ళుగా నేను చదివిన చదువు మన ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదనుకున్నాను. ఆ మాట చదివిన గంటకే రిసీవర్ ఎత్తినాను. ఈసారి పెట్టేయలేదు. క్లినిక్కులన్నిటికీ చెప్పినాను: ఈ తేదీల మధ్య నేనిచ్చిన ఫలితాలు నమ్మొద్దు, మళ్ళీ తీయండి, నేనే చూసి ఇస్తాను. ఒకాయన ఫోన్లోనే తిట్టి, ఇంక నీ దగ్గరికి పంపనన్నాడు. ఇంకో ఇద్దరు మాట్లాడకుండా మానేసినారు. మూడు రోజులు మెట్లు ఖాళీ. ఆ ఖాళీ మెట్లు చూస్తూ అత్త మాటే అనుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ తీసిన రక్తంలో ఒక పదహారేళ్ళ అమ్మాయికి జొరం బయటపడింది అన్నా. ముందు నేను లేదని పంపిన పిల్ల. ఇప్పుడు మందు పడుతోంది. మెల్లగా మెట్ల మీద జనం వస్తున్నారు.

ఆ మాట అట్ట మీద రాసి రక్తం తిప్పే మెషిన్ పైన అంటించినాను. కింద "కూర్మమ్మ" అని పేరు. మోహనప్రియ దాన్ని తమిళంలోనూ మలాయిలోనూ రాసింది. తెలుగు ఒక్కటే నేను రాసినాను, వంకరగా.

ఒక్కటే అర్థం కాలేదు. అత్త నా చెయ్యి పట్టుకొని, గొంతు తగ్గించి, "తాళం తీసినారా అమ్మా?" అని అడిగింది. ఏ తాళం అంటే, "దాచకు, నాకన్నీ తెలుసు" అని ఏడ్చింది. వచ్చేటప్పుడు మళ్ళీ అడిగింది. జొరం ఇంకా తలకి ఎక్కే ఉందా? డాక్టర్ని అడగనా?

మీసం మొలుస్తోంది. ఆశ పెట్టుకో.

యోగేశ్వరి


హుటాన్ మెలింటాంగ్,
శనివారం

సెల్లీ,

డాక్టర్ని అడగకు. అత్త తల బాగానే ఉంది. జొరం కాదు, అది నేను.

ఇందుమూలముగా అని మొదలెట్టి సెప్పాలని సూసినాను, కలం కదల్లేదు. కాబట్టి సాదాగా సెప్తాను.

జెట్టీ మీద జరిగింది అక్షరాలా నిజం. ఇంటికొచ్చి అత్తకి ఉన్నది ఉన్నట్టు సెప్పినానన్నదీ నిజమే. విన్నాది. విని, "ఒరే, శ్రీకుమారు మీసం ఎలాగ పోనాదో నాకు తెలీదనుకున్నావేటి? పో, పోయి పిల్లికి సెప్పుకో" అని గోడవైపు తిరిగిపోయింది. బతిమాలినాను. కాళ్ళు పట్టుకున్నాను, ఇదీ నాటకమే అంది. అప్పుడు ఆవిడ మొహం మీద కిటికీ ఎలుగు పడింది. కంటి తెలుపు పసుపెక్కింది సెల్లీ, మన గడపకి రాసినట్టు. నా దగ్గర నిజం అయిపోయింది. ఉన్నదొక్కటీ ఖర్చు సేసేసినాను. మిగిలింది నాకు బాగా వచ్చిన పనే.

అత్తా, యోగి లేబుకి గవర్మెంటోళ్ళు వచ్చి తాళం ఏసినారు, అన్నాను. మన ఊరి రక్తమంతా పాడైపోయిందని. ఈ ఇంట్లోంచి ఒక్క మంచి ట్యూబు వెళితేనే తీస్తారంట. పిల్ల మెట్ల మీద కూకొని ఏడుస్తంది, అన్నాను.

లేసి కూకుంది. తనకోసం సూది వద్దన్న మనిషి జాకెట్టు సెయ్యి తనే పైకి మడిసింది. "నేను సస్తే సస్తాను గానీ, పిల్ల కొట్టు మూస్తారా ఎదవలు? గుచ్చమను. రెండు సేతులా గుచ్చమను. తలుపు తెరిసే దాకా గుచ్చమను." అదీ అత్త అన్నది.

నీకు అలాగే రాద్దామని కూకున్నాను. కానీ నీ ఉత్తరం పక్కనే ఉంది, రిసీవర్ ఎత్తి పెట్టేస్తన్నానని రాసినావు. నీ కొట్టుకి తాళం పడిందని నేనే అత్త దగ్గర పుట్టించినానని నీకు ఎలాగ రాసేది? ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టాలి గదా, పెట్టినాను. నా నిజాన్ని జెట్టీ నమ్మలేదు. నా అబద్ధానికి అత్త సెయ్యిచ్చింది. ఇంకో అబద్ధం సదివి నువ్వు ఫోనెత్తి అందరికీ నిజం సెప్పినావు, ఎవరో కన్న పదహారేళ్ళ పిల్లకి మందు పడింది. ఈ లెక్క ఆరో క్లాసులో సెప్పలేదు సెల్లీ. ఏడులో సెప్పీవోరేమో.

ఇప్పుడు నీకు రెండు పనులు. అత్త ఇంటికొచ్చే రోజు తాళం తీసినట్టు సూపించాలి. నూకాలమ్మకి కోడిపుంజు మొక్కుకుంది, తాళం తీసిన ఫోటో సూడందే కొయ్యనంటాది. తలుపుకి ఓ తాళం ఏసి, మీ ఆయన సేత తీయించి, ఫోటో పంపు. మీసం కనపడాల. లేకపోతే నమ్మదు.

రెండోది, ఆ అట్ట. తీసెయ్యమనను. మోహనప్రియ రెండు భాషల్లో కష్టపడింది, ఆ పిల్లని మనం ఇంకోసారి ఏడిపించకూడదు. కింద పేరు మాత్రం కొట్టెయ్. అత్త ఆ మాట అననే లేదు సెల్లీ. ఆ ముక్క మొత్తం ఉప్పు మూట మీద కూకొని నేను కల్పించినాను.

అప్పడు